వ్రేలికి పలుకని పలక

నంద్యాలలో క్రొత్త ల్యాప్‌టాప్ కొని ఆళ్లగడ్డకు దెచ్చుకొన్న సోదరి యొకరు, మూడవనాడే దాని టచ్‌ప్యాడ్ పనిచేయుట మానెననియు, ఇంటివారు "నీ చేయి పడి చెడినది" అనుచున్నారనియు మాకు వ్రాసినారు. ఉద్యోగపు దరఖాస్తునకు గడువు నాలుగు దినములే యున్నదట.

చేయి పడిన నది చెడదు. చేయి పడుటకే దానిని చేసినారు. ఆ పలక క్రింద నుండు సన్నని విద్యుత్క్షేత్రము వ్రేలు సోకగనే మారును. ఆ మార్పును బట్టి తెరపై బాణపుగుర్తు కదలును. తడిచేయి యైనచో తికమకపడును. గిన్నెలు కడిగిన చేతిని తుడుచుకొనవలెనని మన సోదరీమణులకు వేరుగ జెప్పవలెనా!

పెక్కుమారులు పలక చెడియుండదు, ఆపివేయబడి యుండును. మీటల పైవరుసలో పలకబొమ్మ గల మీట యున్నచో, దానిని ఎఫ్‌ఎన్ మీటతో గూడ నొక్కి చూడుడు. టైపుచేయునపుడు తెలియకయే యది నొక్కబడుట కద్దు. ఫలింపనిచో విండోస్ మీటను, ఐ అక్షరమును కలిపి నొక్కినచో సెట్టింగులు తెరచుకొనును; ట్యాబ్ మీటతోను, బాణపు మీటలతోను టచ్‌ప్యాడ్ వరకు బోయి చూడవలెను. మౌసు తగిలించినపుడు పలక యాగిపోవు నేర్పాటును పెక్కింట నచటనే యుండును. పిదప యంత్రము నొకసారి ఆపి మరల తెరువవలెను.

దరఖాస్తు మాత్రము నిలుపవలదు. ఎరువు తెచ్చిన మౌసుతో నేడే పూర్తిచేయుడు. అప్పటికిని పలక పలుకనిచో, ఎవరిని మరలు విప్పనీయక, రసీదును వారంటీ కాగితమును వెంటగొని ఆ 40 కిలోమీటర్లు పోవలసినదే. అంగడివారు సొమ్మడిగినచో, కారణము వ్రాసి యిమ్మనుడు.