సముద్రపుటొడ్డు ఇండ్లు: నష్టభారము ఎవరిది?

తుపాను వెలిసిన పిమ్మట మన పట్టణములలో తరచు వినబడు మాట యొకటి కలదు. “ఆ ఒడ్డుననే మరల ఇల్లు కట్టుకొననేల? ప్రభుత్వము ప్రతిసారి సొమ్మిచ్చుచు పోవలసినదేనా?” అని. పైకి ఇది న్యాయముగనే తోచును. ఇట్లనువారిలో మన వర్తక సోదరులును ఉన్నారు గనుక నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

గంజాము జిల్లా తీరమునను, పూరీలోని పెంటకోటయందును మన తెలుగు మత్స్యకారులు తరతరములుగా కాపురమున్నారు. ఇచ్చటివారు వారిని నోళియాలందురు. ఒడ్డున నివసించుట వారికి వేడుక కాదు. పడవ కంటికి కనబడు దూరమున నుండవలెను. తెల్లవారకముందే గాలివాటము చూచి వేటకు పోవలెను. చేపలు ఎండబెట్టుటకు ఆడువారికి ఇసుకనేల కావలెను. ఆ ఎండుచేపలు సంతకు వచ్చినపుడు లాభమందువారిలో మనమును ఉన్నాము. ఆ సంగతి మరచి వారిని నిందించుట తగదు.

1999 అక్టోబరు 29న వచ్చిన మహాతుపానులో ఒడిశాయందు సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద ఫైలిన్ తీరము దాటినపుడు పదిలక్షలకు దగ్గరగా జనులను ముందే తరలించుటచేత మృతుల సంఖ్య పదులలోనే ఆగినది. ప్రాణములు కాపాడు విద్య ప్రభుత్వము నేర్చినది. ఇల్లు కాపాడు విద్య మాత్రము ఇంకను సగమే వచ్చినది.

ఫైలిన్ తరువాత ప్రపంచ బ్యాంకు ఋణముతో ఈ తీరమున పక్కా ఇండ్లు వెలసినవి. సొమ్ము విడతలుగా ఇచ్చి, ఇంటివారే దగ్గరనుండి కట్టుకొను పద్ధతి పెట్టిరి, అది మెచ్చదగినది. ఋషికుల్య మొగకు సమీపమున సముద్రపు కోతకు గురియైన పొడంపేట ప్రజలు కొత్త కాలనీకి తరలిరి. కాని ఇల్లు జరిగినంత మాత్రమున వృత్తి జరుగదు. పడవ ఒడ్డుననే యుండును గదా! వలలు దాచుటకు కొట్టము, ఒడ్డుకు పోవు దారి, చేపలు ఎండబెట్టు తావు ఇవి లేని కాలనీ సగము ఇల్లే.

మేము వర్తకులము, నష్టభయమునకు వెలకట్టుట మాకు తెలిసిన పనియే. గిడ్డంగికి భీమా చేయించి, ఆ ఖర్చు సరకు ధరలో కలుపుకొందుము. ఒడ్డున హోటలు కట్టువాడును అట్లే చేయగలడు. అతనికి వేరొక తావున స్థలము దొరకును, బ్యాంకు అప్పు దొరకును. పట్టాలేని గుడిసెలోని మత్స్యకారునికి ఏ భీమా కంపెనీ తలుపు తట్టును? ఈ ఇరువురిని ఒకే త్రాసున తూచుట అన్యాయము.

2011 నాటి తీరప్రాంత నిబంధనలు సంప్రదాయ తీరవాసుల ఇండ్లకు 100 మీటర్లు మొదలు 200 మీటర్ల వరకు గల నేలలో వీలు కల్పించినవి. 2019 జనవరిలో వచ్చిన నిబంధనలు జనసాంద్రత హెచ్చైన గ్రామములలో నిర్మాణములు కూడని మేరను 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గించుటకు అవకాశమిచ్చినవి. ఈ సడలింపును ఆసరాగా పెట్టుబడిదారుడు నీటిదాపునకు వచ్చినచో, లాభము అతనిదైనట్లే నష్టమును అతనిదే కావలెను. వాని గోడలు లేపుటకు ప్రజల పన్నులు వెచ్చింపరాదు. వృత్తిచే కట్టుబడినవాని ఇంటిభారము మాత్రము సర్కారు మోయవలసినదే.

సొమ్మెక్కడిదందురా? 2021-26 కాలమునకు పదిహేనవ ఆర్థిక సంఘము, కోతచే నిర్వాసితులైనవారి పునరావాసమునకు 1,000 కోట్ల రూపాయలు సూచించినది. దేశమంతటికిని, ఐదేండ్లకును అది స్వల్పమే. ఐనను ఇది దయాధర్మము కాదు, ప్రభుత్వ బాధ్యత అని ఒప్పుకొన్నట్లైనది.

ఇక భాష సంగతి. జిల్లాలోగాని తహసీలులోగాని అల్పసంఖ్యాకులు 15 నుండి 20 పాళ్లున్నచోట ముఖ్య ప్రకటనలు వారి భాషలోను వేయుట మేలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రము చెప్పినది. ఇల్లు పోయినవాడు తన పేరు జాబితాలో ఉన్నదో లేదో తానే చదువుకొనలేనిచో ఆ జాబితా ఎవరికొరకు? తరలింపు ప్రకటనలు, నష్టపరిహారపు దరఖాస్తులు తీరగ్రామములలో ఒరియాతోబాటు తెలుగునను ఉండవలెనని కలెక్టరుగారిని కోరుచున్నాము.

తీరగ్రామములలోని మన సభ్యులు ఇంటి కాగితములు, రేషను కార్డు, పడవ రిజిస్ట్రేషను నకళ్లు తీయించి, ఆశ్వయుజ కార్తికముల తుపానులకు ముందే గట్టుప్రాంతమున బంధువులవద్ద ఒక ప్రతి భద్రపరచుకొనవలెను. దరఖాస్తులు వ్రాయుట రానివారికి చదువుకొన్న మన యువకులు ఆదివారములందు వ్రాసిపెట్టవలెను.