భవానీ దేవికి వెదురు కర్ర ఒక్కటే దొరకలేదు



ఒలింపిక్స్ మాట వస్తే మనోళ్ళు విలువిద్య, పరుగు దగ్గరే ఆగిపోతారు. ఫెన్సింగ్ అనగానే "అది డబ్బున్నోళ్ళ ఆట" అని కొట్టిపారేస్తారు. భవానీ దేవి సంగతి చూస్తే ఆ మాట సగమే నిజం అనిపిస్తోంది మాకు.

ఆమె చెన్నైలో ఒక పూజారి కూతురు. తండ్రిది మన సామర్లకోట. 2004లో బడిలో ఆట ఎంచుకోమంటే మిగతావన్నీ నిండిపోయి ఇదొక్కటే మిగిలిందట. కత్తులు ఖరీదు కదా, రోజూ వెదురు కర్రలతో సాధన చేసి, అసలు కత్తిని పోటీలకు దాచుకునేవారు. 14 ఏళ్ళప్పుడు తొలి అంతర్జాతీయ పోటీకి టర్కీ వెళ్తే 3 నిమిషాలు ఆలస్యమైందని బ్లాక్ కార్డు చూపి పంపేశారు. అంత దూరం పోయి ఆడకుండానే రావడం!

టోక్యోలో, 2021 జూలై 26న, ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారత ఫెన్సర్ అయ్యారు. ట్యునీషియా అమ్మాయి మీద 15-3తో గెలిచి, తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడారు. ఓడినందుకు దేశానికి క్షమాపణ చెప్పారు. ఎందుకు చెప్పాలి? మాకైతే నచ్చలేదు. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ప్రపంచ ఛాంపియన్ మిసాకి ఎమురానే ఓడించి కాంస్యం తెచ్చారు.

ఇది విని "చూశారా, కష్టపడితే చాలు" అనేవాళ్ళుంటారు. మేం ఒప్పుకోం. వెదురు మనకు కొరతా? పదో తరగతి తర్వాత ఆమెకు కేరళలో తలస్సేరి సాయ్ కేంద్రం దొరికింది. ఉండటానికి చోటు, నేర్పే కోచ్ దొరికారు. ఆ తర్వాత ఇటలీలో శిక్షణ. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబారామ్ కూడా అంతే. వెదురు విల్లుతో వేటాడే కుర్రాడిని 1987లో సాయ్ వాళ్ళు ఎంపిక చేసి తీసుకెళ్ళాకే మూడు ఒలింపిక్స్ ఆడాడు.

మన హాస్టళ్ళలో? ఆట సామాన్ల గదికి ఏడాదంతా తాళం చూసినవాళ్ళమే మనం. పైగా "అడవి బిడ్డలు, బాగా పరిగెడతారు" అని ఒక పొగడ్త. అది పొగడ్త కాదు, మన చుట్టూ గీసిన గిరి. ఫెన్సింగ్‌లో సేబర్ విభాగానికి కావలసింది వేగం, ఎదుటివాడి అడుగు పసిగట్టే చూపు. అవి మన పిల్లల్లో లేవా?

అందుకే ఈసారి ఐటీడీఏ పీఓ గారికి ఇచ్చే వినతిపత్రంలో మెస్ బిల్లులు, స్కాలర్‌షిప్పుల కింద ఇంకో లైను రాద్దాం: ఒక్క గురుకులంలోనైనా ఫెన్సింగ్ కోచ్, మాస్కులు, జాకెట్లు, కత్తులు. ఏ గురుకులం అడగాలో మీ మండలం వాళ్ళతో మాట్లాడి చెప్పండి.