పట్టమా? పనితనమా?

ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన నాటినుండి బాన్సువాడ వంటి పట్టణములలో ఇంటింటను వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "పిల్లవానిని ఇక నేమి చదివింపవలెను?" ఇటీవల దానికి తోడుగా మరియొక ప్రశ్న పుట్టినది. కళాశాల మెట్టు ఎక్కకయే కంప్యూటరు రంగములో కొలువు సంపాదింప వీలగునా? ఇది వట్టి దురాశ యని కొట్టివేయుటకు వీలులేదు. అవునని వెంటనే తలయూపుటకును వీలులేదు. ఒక కుటుంబము యొక్క పదియేండ్ల బాగోగులు ఈ జవాబుపై ఆధారపడి యున్నవి.

బాన్సువాడ మంజీర పరిసరముల సీమ. 1931లో పూర్తియైన నిజాంసాగరము కాలువలు ఇచటి వరిపొలములకు ప్రాణము. అయితే పొలమొకటే పెరుగుచున్న తరమును పోషింపజాలదు. పొరుగున బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. పాత నిజామాబాదు జిల్లా గ్రామములనుండి గల్ఫు దేశములకు కూలికి పోయినవారెందరో కలరు. ఎండలో ఇటుకలు మోసిన తండ్రి, తన కొడుకు నీడపట్టున కూర్చుండి పనిచేయవలెనని కోరుటలో ఆశ్చర్యమేమున్నది? భూమియు, పలుకుబడియు, పరిచయములును లేని యింటివానికి పట్టమొక్కటే ఇంతకాలము సాక్షిగా నిలిచినది. "వీడెవడు?" అని నగరమడిగినప్పుడు ఆ కాగితమే జవాబు చెప్పినది. కావున దానిని విడుచుటకు ముందు అది చేసిన పనియేమో, చేయలేకపోయిన పనియేమో తెలిసికొనవలెను.

1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి సాఫ్టువేరు కొలువు తెలుగు ఇండ్లలో అందరును కోరుకొను కొలువైనది. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధనా రుసుమును తానే చెల్లించు పథకమును చేపట్టుటతో పేదయింటి బిడ్డలకు ఇంజనీరింగు కళాశాలల తలుపులు తెరచుకొన్నవి. ఇది చిన్న మేలు కాదు. కాని కొలది యేండ్లలోనే కళాశాలలు 700 దాక పెరిగినవి. వానికి తగినంతమంది మంచి అధ్యాపకులు మాత్రము దొరకలేదు. పట్టము చేతికి వచ్చిన పిదప, పని నేర్చుటకు విద్యార్థి అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల నున్న శిక్షణ కేంద్రములకు మరల రుసుము కట్టవలసి వచ్చినది. నాలుగేండ్ల చదువు నేర్పనిదానిని నాలుగు నెలల తరగతి నేర్పినప్పుడు, ఆ నాలుగేండ్లు దేనికని అడుగుట సహజమే గదా!

ఆ ప్రశ్నకు కొన్ని సంస్థలు తమ రీతిలో సమాధానము చెప్పినవి. చెన్నైలోని జోహో సంస్థ 2005లో తన సొంత పాఠశాలను నెలకొల్పినది. పండ్రెండవ తరగతి గాని డిప్లొమా గాని ముగించిన పిల్లలను పరీక్షించి చేర్చుకొని, రుసుము పుచ్చుకొనక, పైగా నెలనెలా భృతినిచ్చి పని నేర్పినది. హెచ్‌సీఎల్ సంస్థ 2017లో 'టెక్‌బీ' అను పథకమును ఆరంభించినది. ఇంటర్మీడియెట్ ముగించినవారికి ఏడాది వరకు శిక్షణ, అటుపై ఉద్యోగము, ఉద్యోగము చేయుచునే ఒక విశ్వవిద్యాలయమున పట్టపు చదువు అను క్రమమున అది ఏర్పడినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఇంటర్మీడియెట్ విద్యార్థులను ఈ మార్గమున నడిపించుటకు ఆ సంస్థతో చేతులు కలిపినది. కనుక పట్టము లేని ఆరంభము కట్టుకథ కాదు.

అయినను ఇందులో ఒక సూక్ష్మమున్నది. ఒకచోట సంస్థయే గురువై పిల్లవాని బాధ్యత వహించినది. మరియొకచోట పట్టము కొలువు వెంబడి వచ్చునట్లు అమరినది. వట్టి ధైర్యముతో కళాశాల మానినవానికి ఈ రెండింటిలో ఏ యండయు లేదు. బిల్ గేట్స్ 1975లో హార్వర్డు విడిచిన కథను పిల్లలు తరచుగా చెప్పుకొందురు. ఆయన తండ్రి పేరొందిన న్యాయవాది యనియు, కంప్యూటరు అరుదుగా నున్న కాలముననే ఆయన పాఠశాలలో దానిపై గంటల తరబడి పనిచేసెననియు ఆ కథలో చెప్పరు. వెనుదిరిగి పోవుటకు ఇల్లు గలవాని సాహసము వేరు, ఇల్లు నిలుపవలసినవాని సాహసము వేరు.

అమెరికాలో పలు సంస్థలు పట్టపు నియమమును తొలగించితిమని ప్రకటించినవి. 2024లో హార్వర్డు బిజినెస్ స్కూలును బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూటును కలిసి పరిశీలింపగా, ఆ మార్పు వలన మేలు పొందిన నియామకము 700లో ఒకటి కూడ లేదని తేలినది. ప్రకటనలోని మాట మారినంత త్వరగా ఎంపిక చేయువారి అలవాటు మారదు.

ప్రవేశమునకు అక్కరలేని పట్టము ముందుకు సాగుటకు అక్కరకు వచ్చుటయు కలదు. గ్రూపు-1, గ్రూపు-2 పరీక్షలకు పట్టము లేనిదే దరఖాస్తు లేదు. అమెరికా హెచ్-1బి వీసాకు పట్టమో తత్సమానమైన అర్హతయో కావలెను. మూడేండ్ల పనిని ఒక యేటి కళాశాల చదువుగా లెక్కించుట అచటి పద్ధతి; అనగా నాలుగేండ్ల చదువునకు బదులుగా 12 ఏండ్ల అనుభవము చూపవలెను. పదునెనిమిదవ యేట వదలుకొన్నదానికి ముప్పదియవ యేట వెల చెల్లింపవలసి వచ్చును.

కాలమును కూడ గమనింపవలెను. 2022 చివర చాట్‌జీపీటీ వెలువడిన పిదప చిన్న ప్రోగ్రాములు వ్రాయుట, వానిని పరీక్షించుట వంటి పనులు కొంతవరకు యంత్రమే చేయుచున్నది. కొత్తవారు చేయి తిప్పుకొనునది ఆ పనులలోనే. 2025లో టీసీఎస్ సుమారు 12,000 మంది ఉద్యోగులను తగ్గింపనున్నట్లు ప్రకటించినది. ఒక్క సాధనము మాత్రమే నేర్చినవాడు, అది పాతబడిన నాడు ఏమగును? గణితము, తర్కము, ఇంగ్లీషులో చదివి గ్రహించు శక్తి గట్టిగా నున్నవాడు మరియొకటి నేర్వగలడు. పట్టము ఉన్నను లేకున్నను ఈ పునాది తప్పదు.

ఇంతకును, పట్టము లేకుండ ఆరంభించుట వేరు. పట్టమే వలదనుకొనుట వేరు. మొదటిది నేటి పల్లె విద్యార్థికి తగిన మార్గము. రెండవది అతనికి మోయరాని బరువు. 1982లో హైదరాబాదున నెలకొనిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, పనిచేయుచు చదువుకొనువారిని ఇన్నేండ్లుగా ఆదుకొనుచున్నది. ఐఐటీ మద్రాసు 2020లో ఆరంభించిన డేటా సైన్సు చదువులో అర్హత పరీక్ష దాటినవారు ఇంటినుండియే పాఠములు వినవచ్చును. నడుమ ఆగినను ఆ మెట్టునకు తగిన సర్టిఫికెట్టో డిప్లొమాయో చేతికి వచ్చును. హైదరాబాదునకు పంపుటకు తల్లిదండ్రులు వెనుకాడు ఆడపిల్లకు బాన్సువాడలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలయు, ఇటువంటి ఇంటి చదువును జోడుగా నడచుట మేలు.

పట్టము ఇంకను రానివాడు వేరొక సాక్ష్యమును సంపాదించుకొనవలెను. ధాన్యపు తూకములు, చెల్లింపులు లెక్కకట్టు చిన్న ప్రోగ్రాము, పాఠశాల గ్రంథాలయములో ఏ పుస్తకము ఎవరియొద్ద నున్నదో చూపు జాబితా, ఇట్టివి స్వయముగా తయారుచేసి గిట్‌హబ్ వంటి చోట అందరికిని కనబడునట్లు ఉంచవలెను. ఊరివారు నాలుగు నెలలు వాడిన పనిముట్టు, పది పత్రముల కంటె గట్టి సాక్షి.

ఈ దారిలో మోసమును పొంచియున్నది. సొమ్ము పుచ్చుకొని దొడ్డిదారిన ఉద్యోగమిప్పింతు మనువారును, లేని అనుభవమునకు పత్రములు సృష్టించువారును హైదరాబాదున పలుమారు పోలీసులకు చిక్కిరి. వారు చిక్కినంత మాత్రమున పొలము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము తిరిగిరాదు. దొంగ పత్రము బయటపడిన నాడు కొలువుతో పాటు పిల్లవాని పేరును పోవును.

ఇచట ఉపాధ్యాయుని అవసరము కలదు. శిక్షణ ఒప్పందము ఇంగ్లీషులో నుండును. తండ్రి సంతకము తెలుగులో నుండును. రుసుమెంత? నడుమ మానినచో తిరిగి కట్టవలసినదెంత? ఎన్నేండ్లు అచటనే పనిచేయవలెను? పట్టపు చదువునకు సొమ్మెవరు చెల్లింతురు? ఈ నాలుగింటిని విప్పి చెప్పగలవాడు ఊరిలో చాలసార్లు ఉపాధ్యాయుడే. ఫలితములు రాకముందే ఒక సాయంకాలము తల్లిదండ్రులను బడికి పిలిచి, ఆ కాగితమును వరుసగా చదివి, తెలుగులో అర్థము చెప్పిన పిదపనే సంతకము చేయించుట మంచిది.