చపాతీ మానితే సరిపోదు, మసాలా డబ్బా కూడా చూడాలి



గోధుమ పడని మనిషి రూమ్‌లో ఒక్కడున్నా ఆ రూమ్ మసాలా డబ్బా మొత్తం మార్చాలని నా అభిప్రాయం. "వాడి తిండి వాడు చూసుకుంటాడులే" అంటే కుదరదు. ఎందుకో చెప్తాను, జర ఓపికగా చదవండి.

గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. కొందరికి అది అస్సలు పడదు. డాక్టర్లు దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. గ్లూటెన్ కడుపులోకి పోతే, రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి శక్తే తిరగబడి చిన్న పేగును దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, నీరసం, రక్తం తగ్గడం, ఇవన్నీ వస్తాయి. గ్లూటెన్ లేని తిండి తినడమే దీనికి వైద్యం. ఉడకబెట్టినా వేయించినా గ్లూటెన్ పోదు. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో సరుకులో 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ లెక్క. మన ఇండియాలోనూ అదే లెక్క. అది ఎంత తక్కువో చూడండి. కాబట్టి "చిటికెడుకు ఏమైతది" అనే మాట ఇక్కడ పనికిరాదు.

మనం అన్నం తినేవాళ్లం కావడం అదృష్టం. బియ్యం, పప్పులు, గుడ్లు, చేపలు, కూరగాయల్లో గ్లూటెన్ లేదు. ఖరీదైన స్పెషల్ ప్యాకెట్లు కొనాల్సిన పని లేదు. చపాతీ, ఖుబ్బూస్, పరోటా, ఉప్మా, సేమియా, హలీం కంటికి కనబడతాయి, పక్కన పెట్టొచ్చు. కనబడకుండా దెబ్బకొట్టేది మసాలా.

అందులో మొదటిది ఇంగువ. అసలు ఇంగువ అంటే ఒక మొక్క వేరు నుంచి కారే బంక. అందులో గోధుమ లేదు. కానీ అది మరీ ఘాటుగా ఉంటుంది కాబట్టి పిండి, తుమ్మ బంక కలిపి డబ్బాల్లో అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమ పిండో మైదానో అయి ఉంటుంది. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, కానీ వెతుక్కోవాలి. ఇంగువ ఒక్క తాలింపులోనే ఉండదు. సాంబారు పొడి, రసం పొడి, అప్పడాలు, జంతికలు, కొన్ని పచ్చళ్లలో కూడా ఉంటుంది.

నా కింద పనిచేసే ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు డాక్టర్ చెప్పాడని చపాతీ, ఖుబ్బూస్ మానేశాడు. నెలలు గడిచినా విరేచనాలు ఆగలేదు. "డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకం" అన్నారు రూమ్‌లో కొందరు. ఒకరోజు ఇంగువ డబ్బా తిప్పి చూస్తే గోధుమ పిండి అని రాసే ఉంది. రోజూ పప్పులో పడేది అదే. ఇంగువ, సాంబారు పొడి ఆపేశాక మనిషి మెల్లగా కోలుకున్నాడు. అప్పటిదాకా పోయిన జీతం ఎవరిస్తారు?

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపాలని రూల్. ఎండ అంత ప్రమాదం కాబట్టే ఆ రూల్ పెట్టారు. విరేచనాలతో ఒంట్లో నీళ్లు పోయిన మనిషి ఆ రోజుల్లో స్కాఫోల్డింగ్ ఎక్కి కళ్లు తిరిగి పడితే ఏంటి సంగతి? బెల్ట్ పెట్టుకున్నాడా లేదా అని చూస్తున్నాం. తిన్న పప్పులో ఏముందో కూడా చూడాలి.

సరుకు కొనేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి.

1. పొడుల కంటే దినుసులు మేలు. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, చెక్క, లవంగాలు, ఎండుమిరపకాయలు సీలు వేసిన ప్యాకెట్లో కొనండి. పళ్లెంలో పోసి చూడండి, ధనియాల్లో జీలకర్రలో అప్పుడప్పుడు గోధుమ గింజలు కలుస్తాయి. ఏరేసి, వేయించి, రూమ్‌లోనే దంచుకోండి.

2. గోనె సంచుల్లో పోసి అమ్మే విడి పొడులు వద్దు. పిండి తీసిన చెంచాతోనే కారం తీస్తారు.

3. పసుపు లాంటివి పొడి కొనక తప్పకపోతే ఒకే సరుకున్న ప్యాకెట్ తీసుకోండి. వీట్, బార్లీ, మాల్ట్ అనే మాటలుంటే వద్దు. "మే కంటైన్ వీట్" అన్నా వద్దు. "వీట్ ఫ్రీ" అంటే సరిపోదు, బార్లీ ఉండొచ్చు.

4. చదవడం రాకపోతే సిగ్గుపడకుండా అడగండి. గోధుమను హిందీలో గేహూ, మలయాళంలో గోదంబు, అరబిక్‌లో ఖమ్హ్ అంటారు.

5. సోయా సాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది. సూప్ క్యూబుల్లో కూడా ఉండొచ్చు, చదివి వేయండి.

ఊరి నుంచి వచ్చే కారం సంగతి కూడా చెప్పాలి. గోధుమలు పట్టిన గిర్నీలోనే కారం పట్టిస్తే లాభం లేదు. అమ్మ ప్రేమతో పంపింది కాదనలేం కదా. ఎండుమిరపకాయలే పంపమనండి, లేకపోతే ఇంట్లో రోట్లో దంచి పంపమనండి.

"ఒక్కడి కోసం అందరం ఇంగువ మానాలా?" అని అడిగేవాళ్లుంటారు. అవును, మానాలి. ఎల్లిపాయ రెండు రెబ్బలు ఎక్కువ వేస్తే చారు రుచి ఎక్కడికీ పోదు. అతనొక్కడు వేరే వండుకోవాలంటే, 12 గంటల డ్యూటీ చేసి వచ్చి రెండో పొయ్యి కోసం ఎంతసేపు నిలబడతాడు? చపాతీ తినేవాళ్లు తినండి, కానీ పిండి చేతులతో ఉప్పు, కారం డబ్బాలు ముట్టకండి. ఆ డబ్బాలకు మూతలు, వేరే చెంచాలు ఉండాలి. కంపెనీ మెస్ అయితే వంటవాడిని మసాలా ప్యాకెట్ చూపించమని అడగండి. ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు అతని పక్కన నిలబడి అడగాలి. ఒంటరి లేబర్ మాట మెస్‌లో ఎవరూ వినరు.

చివరగా ఒక జాగ్రత్త. ఇది చదివి అనుమానం వస్తే మీ అంతట మీరే గోధుమ మానకండి. ముందు డాక్టర్ దగ్గరికి పోయి టీటీజీ రక్త పరీక్ష గురించి అడగండి. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు.

ఈ శుక్రవారం సరుకులకు పోయే ముందు మీ రూమ్‌లో ఇంగువ డబ్బా ఒకసారి తిప్పి చూడండి. ఏం రాసుందో గ్రూప్‌లో ఫోటో పెట్టండి. చదవడం రానివాళ్లకు మనలో ఎవరో ఒకరు చదివి చెప్తారు.