రెండు శాతం గీటు కింద కూలీ

పొగ ఎంత వదిలాం, నీళ్లెంత తోడాం, కరెంటెంత కాల్చాం అని బడా కంపెనీలు ఇప్పుడు ఏటా లెక్క రాస్తున్నాయి. వాటంతటవాటికి బుద్ధి పుట్టి కాదు. షేర్ మార్కెట్టును అదుపుచేసే సెబీ 2021లో నిబంధన పెట్టింది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణం మీద, పనివాళ్ల బాగోగుల మీద నివేదిక ఇచ్చి తీరాలి. ముఖ్యమైన అంకెలను బయటివాళ్లచేత తనిఖీ చేయించాలని 2023లో మరో మెలిక వేసింది.

ఇదంతా నాటకమని కొట్టిపారేసే మిత్రులున్నారు. వారితో మేము ఏకీభవించం. యజమాని లెక్క చెప్పాలని కార్మికవర్గం ఎప్పటినుంచో అడుగుతున్నదే. మా పేచీ ఒక్కటే: ఆ లెక్క ఎక్కడ ఆగిపోతోంది?

పత్తి విత్తనం సంగతే తీసుకోండి. గద్వాల ప్రాంతంలో, నంద్యాల, కర్నూలు వైపు ఈ పంట వేస్తారు. సాయంత్రం ఒక్కో మొగ్గనూ చేత్తో విప్పి మగ భాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. ఎకరంలో వేల పూలు. ఎండలో నడుం వంచి చేసేది ఎక్కువగా ఆడకూలీలు. బడి మానిపించిన ఆడపిల్లలచేత కూడా ఈ పని చేయించిన చరిత్ర ఈ నేలది. కంపెనీ మూలవిత్తనం ఆర్గనైజరుకిస్తుంది, ఆర్గనైజరు రైతుకిస్తాడు, మదుపు కూడా వడ్డీకి ఆయనే ఇస్తాడు. రైతు కూలీని పిలుస్తాడు. కంపెనీకీ కూలీకీ మధ్య కాగితం ముక్క లేదు. వడదెబ్బ తగిలి పడిపోతే ఆ రోజు కూలి పోయినట్టే. కంపెనీ పుస్తకంలో మాత్రం మచ్చ ఉండదు.

2023లో సెబీ ఈ గొలుసు మీద కూడా చెయ్యి పెట్టబోయింది. పెద్ద కంపెనీలు 250 తమ కొనుగోళ్లలో, అమ్మకాల్లో 75 శాతం మేరకు అవతలి పక్షాల లెక్క కూడా చెప్పాలి, చెప్పకపోతే సంజాయిషీ ఇవ్వాలి అన్నది. అంతే, భారం మోయలేమని పరిశ్రమాధిపతులు గగ్గోలు. 2025 మార్చిలో సెబీ వెనక్కి తగ్గింది. మొత్తం కొనుగోళ్లలో గానీ అమ్మకాల్లో గానీ రెండు శాతానికి తగ్గని వాటా ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటే చాలునన్నది. అదీ ఒక ఏడాది వాయిదా వేసింది, పైగా ఇష్టమైతేనే అన్నది. వెయ్యి కోట్ల సరుకు కొనే కంపెనీకి రెండు శాతమంటే 20 కోట్లు. ఎకరం సీడు పత్తి వేసిన రైతు ఏడు జన్మలెత్తినా ఆ గీటు దాటగలడా? ఆయన చేలో కూలీ మాట చెప్పేదేముంది!

యూరపులోనూ ఇదే వరస. 2013లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా గార్మెంట్ కార్మికులు చనిపోయారు. సరఫరా గొలుసు అంతటికీ కంపెనీని బాధ్యుణ్ణి చేసే చట్టం అక్కడ 2024కు గానీ రాలేదు. ఏడాది తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, పోటీలో వెనకబడతామంటూ దాన్ని కత్తిరించే ప్రతిపాదన వచ్చింది. ఇక ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు 2021లో కర్బనం తగ్గిస్తామని ప్రమాణం చేసి ఒక కూటమి కట్టాయి. అమెరికా బ్యాంకులు ముందు జారుకున్నాయి. 2025 అక్టోబరులో ఆ దుకాణమే మూసేశారు.

మన బ్యాంకుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాతావరణ మార్పువల్ల తమకున్న ఆర్థిక ముప్పేమిటో బ్యాంకులు బయటపెట్టాలని రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ముసాయిదా తెచ్చింది. ముప్పు ఎవరికి? బ్యాంకుకు. ఇందులో ఒక ప్రమాదముంది. అనంతపురం కరువు జిల్లా, దివిసీమ తుపాను నేల అని గుర్తు పెట్టుకుని బ్యాంకు అక్కడ అప్పులు తగ్గించుకుంటే దాని పుస్తకంలో ముప్పు తగ్గుతుంది. ఊళ్లో మాత్రం వడ్డీవ్యాపారి గుమ్మం ముందు వరస పెరుగుతుంది. కౌలుదారుకు ఇప్పటికే బ్యాంకు గడప దూరం. ఆంధ్రలో 2019లో తెచ్చిన చట్టం సాగుదారు కార్డుకు కూడా భూయజమాని సంతకం కావాలన్నది. వ్యవసాయానికి 18 శాతం అప్పులివ్వాలన్న నియమం ఉంది నిజమే. కానీ 100 కోట్ల దాకా ఆహారశుద్ధి పరిశ్రమకిచ్చినా అది వ్యవసాయం పద్దులోనే పడుతుంది.

కాబట్టి వ్యవసాయ సరుకుల విషయంలో రెండు శాతం గీటు ఎత్తెయ్యాలి. విత్తనం, రొయ్య, పొగాకు, ఏదైనా సరే, చేను దాకా, షెడ్డు దాకా లెక్క రావాలి. ఇష్టముంటేనన్న మాట పోవాలి. ఎండ ముదిరిన రోజుల్లో పనిగంటలెన్ని, కూలి ఎంత అన్నది ఆ నివేదికలో కనపడాలి. బ్యాంకులు ముప్పు లెక్కతోపాటు కరువు, వరద జిల్లాల్లో కౌలుదార్లకిచ్చిన అప్పు పెరిగిందో తగ్గిందో జిల్లావారీగా చూపాలి.

అంతవరకు సంఘాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ నివేదికలు రహస్యపత్రాలు కావు, కంపెనీ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. సరఫరాదారుల దగ్గర పని పరిస్థితులు పరిశీలించారా అనే ప్రశ్న అందులో ఉంది, తప్పనిసరి కాని జాబితాలో పడేశారంతే. మండల కార్యకర్తలు ఈ సీజనులో విత్తనం సంచి మీద కంపెనీ పేరు రాసుకోవాలి. అది లిస్టెడ్ కంపెనీ అయితే ఆ ప్రశ్న ఎదురుగా ఏం రాసిందో చూసి, కూలీలు చెప్పింది పక్కన పెట్టి, కార్మికశాఖకూ సెబీకీ పంపాలి.