తీపి ముగింపుకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

తెలుగు పత్రికల్లో స్వలింగ ప్రేమ మీద అప్పుడప్పుడూ కథలు వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఒకే దారిన నడుస్తాయి. ఇంట్లో తెలిసిపోతుంది, బలవంతాన పెళ్లి చేస్తారు, చివరికి ఊరు విడిచిపోవడమో ప్రాణం తీసుకోవడమో మిగులుతుంది. ఆ బాధ నిజం కాబట్టి ఆ కథలు రావాల్సిందే. నేను అడుగుతున్నది వాటి పక్కన ఇంకో రకం కథకు కాస్త చోటు. ఇద్దరు మగవాళ్లు, ఒక మిఠాయి కొట్టో వంటిల్లో, మూడు నాలుగు పేజీలు, ఇద్దరూ కలిసి ఉండిపోవడంతో ముగిసే చిన్న ప్రేమకథ. ఇంగ్లిషు, జపనీస్ పాఠకులకు ఈ కోవ బాగా పరిచయమే. మన దగ్గర మాత్రం దీన్ని కాలక్షేపపు సరుకు అని పక్కన పెట్టేస్తారు. అది తగదని నా వాదన.

మగవాళ్ల మధ్య ప్రేమా, తీపీ మన దేశంలో ఒకే పుటలో కనబడటం ఇవాళ్టి సంగతి కాదు. 1924లో కలకత్తా నుంచి వెలువడే హిందీ పత్రిక 'మత్‌వాలా'లో పాండేయ బేచన్ శర్మ 'ఉగ్ర' 'చాక్లెట్' అనే కథ రాశారు. అదే పేరుతో 1927లో సంపుటి వచ్చింది. ఆ కథల్లో చాక్లెట్ అంటే మగవాళ్లు మోజుపడే అందమైన కుర్రాడు. తీపి అక్కడ ఎర మాత్రమే. సంఘంలోని చెడును బయటపెట్టడానికే రాశానని రచయిత చెప్పుకున్నారు. అయినా హిందీ పాత్రికేయుడు బనారసీదాస్ చతుర్వేది ఆ పుస్తకాన్ని నీచ సాహిత్యమని పెద్ద ఎత్తున ఖండించి, గాంధీజీ దృష్టికి తీసుకువెళ్లారు. గాంధీజీ చదివి, అందులో తనకు అశ్లీలం కనిపించలేదనీ, ఆ ప్రవర్తన మీద ఏవగింపు కలిగించడమే రచయిత ఉద్దేశమనీ జాబు రాశారు. ఆ జాబు చాలా ఏళ్లకు గానీ వెలుగు చూడలేదు. ఈ తగవులో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. కథ అసహ్యం పుట్టిస్తే క్షమించవచ్చా లేదా అన్నంత వరకే ఇరుపక్షాలూ వాదించుకున్నాయి. అలాంటి ప్రేమ సంతోషంగా సాగే కథ ఎవరి ఊహలోకీ రాలేదు.

ఇంగ్లండులో ఊహించినవారున్నా అచ్చుకు దారి దొరకలేదు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913, 1914 సంవత్సరాల్లో రాశారు. అది అచ్చయింది 1971లో, ఆయన పోయిన మరుసటి ఏడు. సుఖాంతం తప్పనిసరి అనుకునే రాశాననీ, విషాదాంతం చేసి ఉంటే ప్రచురణకు ఇంత చిక్కు ఉండేది కాదనీ ఆయనే తర్వాత రాసిపెట్టారు. ఈ ప్రేమికులు చస్తే అచ్చువేస్తాం, బతికితే వేయం అన్న పద్ధతి అంత పాతది. మన పత్రికలు తెలిసో తెలియకో దాన్నే కొనసాగిస్తున్నాయి.

మరి మిఠాయే ఎందుకు? పెళ్లయిందని మన ఊళ్లలో వీధికి తెలిసేది తీపితోనే గనక. అమ్మాయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు చలిమిడి, అరిసెలు, లడ్డూలు, కాజాలు సారె పెడతారు. అత్తవారు వాటిని ఇంటింటికీ పంచుతారు. పుచ్చుకున్న ప్రతి ఇల్లూ ఆ జంటను ఒప్పుకున్నట్టే. ఇద్దరు మగవాళ్లు ఒక ఇంట్లో కాపురం పెడితే ఎవరు సారె పెడతారు, ఎవరు పంచుతారు? అందుకే ఒక కథలో వాళ్లలో ఒకడు గిన్నెడు కజ్జికాయలు పట్టుకుని ఎదురింటి తలుపు తట్టాడంటే అది చిన్న విషయం కాదు. ఆ ఇంటావిడ ఆ గిన్నె అందుకుంటుందా? అందుకున్నాక మర్నాడు ఖాళీగా తిప్పి ఇవ్వకుండా అందులో ఏదైనా వేసి పంపుతుందా? తెలుగు పాఠకులకు ఇక వేరే వివరణ అక్కర్లేదు. పని సంగతే చూడండి. అరిసెలు ఒంటిచేత్తో అయ్యేవి కావు. పాకం నీళ్లలో వేస్తే ఉండకట్టే సమయానికి దింపాలి. ఒకరు తడిపిండి పోస్తుంటే ఇంకొకరు ఆగకుండా తిప్పాలి. నూనెలోంచి ఒకరు తీసి అందిస్తే మరొకరు చెక్కల మధ్య నొక్కాలి. ఒకరి చేతి వేగం ఒకరికి తెలిసి ఉంటేనే కుదిరే పని ఇది. ముద్దు మాట ఎత్తకుండానే ప్రేమ మొత్తం చూపించగల సన్నివేశం అందులో సిద్ధంగా ఉంది. నాలుగు పేజీల కథకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇవి తేలిక కథలు, లోతుండదు అనేవారికి జపాన్ రచయిత్రి ఫూమి యోషినగా రచనలు చూపిస్తాను. ఆమె 'యాంటీక్ బేకరీ' అనే మాంగా (జపనీస్ బొమ్మల కథ) 1999 నుంచి 2002 వరకు వచ్చి కొదాన్షా పురస్కారం పొందింది. చదువుకునే రోజుల్లో ప్రేమిస్తున్నానని చెప్పి అవమానపడిన ఓనో, పెద్దయ్యాక అందరూ మెచ్చే కేకుల నిపుణుడవుతాడు. ఆనాడు అతన్ని ఈసడించిన తచిబానాయే ఇప్పుడు ఆ కొట్టు యజమాని. ఆ యజమానికి తీపి గిట్టదు. చిన్నప్పుడు అతన్ని ఎత్తుకుపోయినవాడు తినిపించింది కేకులే మరి. కేకుల అందమంతా ఆ భయం మీద పరిచి ఉంటుంది. 2007లో ఆమె మొదలుపెట్టిన 'నిన్న ఏం తిన్నావ్?' మగ జంట రోజువారీ వంట చుట్టూ తిరుగుతుంది. అది వచ్చింది ఇలాంటి కథలకే కేటాయించిన ప్రత్యేక పత్రికలో కాదు, మామూలు మగ పాఠకులు కొనే 'మార్నింగ్' అనే వారపత్రికలో. 2019లో టీవీ ధారావాహికగా, 2021లో సినిమాగా కూడా వచ్చింది. మామూలు పాఠకులు ఇలాంటి కథ భరించలేరన్న భయానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

బరువైన అభ్యంతరం ఇంకోటుంది. ఈ తరహా మాంగాలు ఎక్కువగా స్త్రీలు స్త్రీల కోసం రాసినవి, వాటిలోని అందగాళ్లకూ నిజమైన గే మనుషులకూ పొంతన లేదు అన్నది. 1992లో జపాన్‌లో మసాకి సతో అనే గే ఉద్యమకారుడు ఈ విమర్శను చాలా కోపంగా లేవనెత్తారు. ఆ కోపం న్యాయమైనదే. మిఠాయిలు మురిపెంగా వర్ణించి, మధ్యలో ఇద్దరు కుర్రాళ్లను బొమ్మల్లా నిలబెడితే అది కథ కాదు. పాత్రలకు అద్దె బాధ ఉండాలి, ఉద్యోగం ఉండాలి, పండక్కి ఇంటికి రమ్మని ఫోన్ చేసే తల్లి ఉండాలి. ఆ జీవితం తెలిసినవారి చేత ముందుగా రాయించాలి. కన్నడంలో వసుధేంద్ర 2013లో 'మోహనస్వామి' కథలు అచ్చువేసి, అలాంటి మనిషి కథ తన భాషలో ఎంత సహజంగా ఒదుగుతుందో చూపించారు. సతో విమర్శ మంచి కథలు కావాలని చెబుతుంది, అసలు కథలే వద్దని కాదు.

చట్టమే ఒప్పనిది కథలో సుఖాంతమా అని కూడా అంటారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పరస్పర అంగీకారంతో పెద్దల మధ్య ఉండే స్వలింగ సంబంధాలను, వాటిని నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి తప్పించింది. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమంది. ఆ రెండో కేసులో ముఖ్యమైన పిటిషన్ హైదరాబాద్‌లో ఉండే జంటదే. నిజమే, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో కథ ముగిస్తే అది అబద్ధమవుతుంది. నేను చెప్పే కథలు అలా ముగియవు. వంటింట్లో ఇద్దరికి రెండు కంచాలు పెట్టుకోవడంతో ముగుస్తాయి. అలా బతకడం ఇవాళ నేరం కాదు, అలా బతుకుతున్నవారూ ఉన్నారు. ఉన్న జీవితాన్ని రాయడం కల్పనకు మించిన పని కాదు. ఇక ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కదా అన్న మాటకు జవాబు తేలిక. అబ్బాయి, అమ్మాయి ప్రేమకథకు మీరు పెట్టే హద్దులే వీటికీ పెట్టండి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

వచ్చే సంక్రాంతి ప్రత్యేక సంచికలో ఇలాంటి కథ ఒక్కటైనా వేయమని కోరుతున్నాను. కథ బాగాలేకపోతే నిస్సంకోచంగా తిప్పి పంపండి. పాకం తప్పు రాస్తే దిద్దించండి. ముగింపులో ఇద్దరిలో ఒకరిని చంపి పంపమని మాత్రం ఏ రచయితనూ అడగకండి.

భవదీయ,
ఒక పాఠకురాలు