ఋణమాఫీ పత్రముల మాయ

సుక్మా జిల్లాయందు కొంటకుఁ బోవు రాజమార్గముపై నున్న దోర్నపాల్‌లో, తునికాకు సొమ్ము చేతికందక మున్నే దానిని బాకీలకు ఒడ్డుకొనిన కుటుంబమునకు, అప్పు రద్దు చేయించెదనని వచ్చువాఁడు ఆపద్బాంధవునివలెఁ దోఁచుటలో వింత లేదు. అట్లు వచ్చువారిలో, ఏ అధికారమును లేకయే 'ఋణమాఫీ పత్రము' లిచ్చెదమని ప్రకటించి, సేవారుసుమనియు న్యాయవ్యయమనియు సొమ్ము గుంజి, బ్యాంకునకిఁక చెల్లింపనక్కరలేదని నమ్మించువారిని గూర్చియే రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు 11న ప్రజలను హెచ్చరించినది. అప్పిచ్చినవాని సంతకమే లేని కాగితము అప్పును మాన్పునఁట!

పత్రమును నమ్మి వాయిదాలు మానినవానికి రుసుము పోయినది చాలక, వడ్డీయుఁ బెరుగును, పరపతి చరిత్రయుఁ జెడును.

నిజమైన సలహాదారుఁడు ముందుగా రుసుము నడుగఁడు, ఓటీపీ నసలే యడుగఁడు. అసలెంత, వడ్డీయెంత, రాబడియెంత యని లెక్కగట్టి, వాయిదాల సవరణకై బ్యాంకుతోనే మాటాడించును. ఇట్టి సలహా నుచితముగా నిచ్చు కేంద్రములకు రిజర్వు బ్యాంకు 2009లోనే నమూనా పథకమును రూపొందించినది. ఐనను సలహా జిల్లాకేంద్రమున హిందీలోనే లభించునెడల, తెలుగును దోర్లీని ఎఱిఁగిన మోసగాఁడే ముందు గడప త్రొక్కును. కావున లీడ్ బ్యాంకువారు ఆ రెండు భాషలు వచ్చిన మనిషిని, సంతనాఁడు, దోర్నపాల్ అంగడిలోనే కూర్చుండఁబెట్టవలెను.